పక్క ఊరి అడవిపంది



2002లో నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. హాస్టల్లో మా వరండాలో ఆరు గదులుంటే నాలుగింట్లో కంప్యూటర్లు ఉండేవి. మాకంటే ముందున్న సీనియర్లెవరో గోడల వెంట కేబుళ్లు లాగి ఆ నాలుగింటినీ కలిపి వెళ్లారు. రాత్రి మెస్‌లో భోజనం కాగానే అందరం వాటి ముందు చేరేవాళ్లం. ఆడేది ఒక్కటే ఆట, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం. అమెరికాలోని డాలస్‌లో ఎన్సెంబుల్ స్టూడియోస్ అనే సంస్థ తయారుచేయగా 1999లో వచ్చిన ఆట అది.

ఎప్పుడూ ఆడని శ్రోతల కోసం రెండు మాటలు చెబుతాను. మొదట్లో ప్రతివాళ్లకూ ఒక ఊరు ఇస్తారు. ఊరి నడుమ టౌన్ సెంటర్ అనే పెద్ద భవనం, దాని పక్కన ముగ్గురు పనివాళ్లు, గుర్రమెక్కి తిరిగే ఒక వేగులవాడు. కట్టెలు కొట్టించాలి, తిండి కూడబెట్టాలి, రాయీ బంగారమూ తవ్వించాలి, సైన్యాన్ని పెంచుకుని అవతలివాడి ఊరు పడగొట్టాలి. పటమంతా మొదట నల్లగా ఉంటుంది. మన మనిషి ఎంత దూరం నడిస్తే అంత మేరే వెలుగు. మొదటి పది నిమిషాలూ తిండిదే పెత్తనం. ప్రతి ఊరి దగ్గరా కొన్ని గొర్రెలూ, రెండు అడవిపందులూ ఉంటాయి. గొర్రెను కోస్తే నూరు పాళ్ల తిండి, పందిని కోస్తే 340. అయితే పంది గొర్రెలాంటిది కాదు. దెబ్బ తగిలిందంటే తరుముకొస్తుంది. అందుకని ఒక మనిషి దాన్ని కొట్టి, ఊరి దాకా పరిగెత్తుకొస్తే, అక్కడ అందరూ కలిసి చంపుతారు.

ఒక రాత్రి నా రెండో పంది కోసం మనిషిని పంపాను. అక్కడ పంది లేదు. చుట్టూ వెతికాను, చెట్ల వెనక చూశాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఎదురు గదిలో ఉండే గుంటూరు కుర్రాడు తన వేగులవాణ్ని నా ఊరి వెనక్కి పంపాడు. నా పందిని రెండు పోట్లు పొడిపించి, అది తరుముతుంటే పటం ఆ చివరి దాకా గుర్రాన్ని పరిగెత్తించి, తన ఊళ్లో కోయించుకున్నాడు.

“తొండి! ఇది తొండిరా!” అని గదిలోంచే అరిచాను.

“తొండేముంది బావా? పంది మీద నీ పేరు రాసుందా?” అని అటునుంచి జవాబు.

ఆ రాత్రి ఓడిపోయాను. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రాత్రి అతని పందులు రెండూ నా ఊళ్లో ఉన్నాయి. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఎంత గట్టిదంటే, ఇరవై ఏళ్లు దాటాక కూడా దాని గురించి మాట్లాడాలనిపించి ఈ రోజు మీ ముందుకు వచ్చాను. పగలంతా పెద్దలకు దండం పెట్టి, లైన్లో నిలబడి, అరువు తెచ్చిన పుస్తకం తిరిగి ఇచ్చేసే మనుషులం మేం. రాత్రి ఆటలో కూర్చున్నామంటే వెన్నుపోటు ఎందుకంత రుచిగా ఉండేది?

తెలుగువాళ్లకు ఈ విషయంలో మూడు మంచి మాటలున్నాయి. ఎత్తు, జిత్తు, తొండి. అవతలివాడు చూస్తుండగానే వేసేది ఎత్తు. దానికతను పైఎత్తు వేస్తాడు. అవతలివాడి కన్నుగప్పి చేసేది జిత్తు. కన్నుగప్పినా అది ఆట హద్దులోనే ఉంటుంది. ఇద్దరూ ఒప్పుకున్న నియమాన్ని మీరడం తొండి. అష్టాచెమ్మాలో గవ్వను గోటితో తిరగేయడం తొండి. ఔటయినా కాలేదని దబాయించడం తొండి. నా చిన్నప్పుడు వీధిలో ఎన్ని తగువులు జరిగినా అన్నీ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చేవి, అది జిత్తా తొండా అని.

నాకు ఈ తేడా నేర్పింది మా నాయనమ్మ. అరుగు మీద సుద్దతో గీతలు గీసి పులి–మేక ఆడించేది. పాత గుళ్ల మంటపాల్లో రాతి నేల మీద ఆ గీతలు చెక్కి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. పులులకు కదిలే చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. ఆవిడ ఎప్పుడూ మేకల పక్షమే. మేకలంటే చింతగింజలు. ఒక చింతగింజను కావాలనే నా పులి నోటికి అందేచోట పెట్టేది. నా పులి ఆశపడి దూకేది. దూకిన చోటునుంచి మళ్లీ కదలడానికి దారి ఉండేది కాదు. “నీకు ఆకలి ఎక్కువని నాకు తెలుసురా అబ్బాయ్” అనేది. ఒకసారి ఆవిడ పొయ్యి చూసి రావడానికి లోపలికి వెళ్తే నేనొక చింతగింజను జేబులో వేసుకున్నాను. వచ్చి లెక్క చూసింది. ఒక్క మాట అనలేదు. గీతలన్నీ అరచేత్తో చెరిపేసి లేచిపోయింది. వారం రోజులు నాతో ఆడలేదు.

ఆవిడ పెట్టిన ఎర మేకకూ, గుంటూరు కుర్రాడు ఎత్తుకెళ్లిన పందికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. పులి–మేకలో పలక మీద ఉన్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది. దాగి ఉండేది మనసులో ఉన్న ఆలోచన ఒక్కటే. చదరంగం కూడా అంతే. కంప్యూటర్ వ్యూహపు ఆటల్లో మాత్రం పటం చీకటి. అవతలివాడు ఏం కడుతున్నాడో, ఎక్కడ కడుతున్నాడో తెలియదు. జిత్తులు వందల రకాలుగా మొలిచింది ఆ చీకట్లోనే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో పారశీకుల టౌన్ సెంటర్ మిగతావాళ్లదానికంటే రెండింతలు దెబ్బలకు ఓర్చుకుంటుంది. అది ఆసరాగా కొందరు ఆటగాళ్లు ఎంతకు తెగించారంటే, తమ ఊరి టౌన్ సెంటర్‌ను తామే కూల్చుకుని, పనివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, శత్రువు ఊరి నడిబొడ్డున దాన్ని మళ్లీ కడతారు. లోపల జనం చేరితే ఆ భవనం బాణాలు వేస్తుంది. పొద్దున లేచేసరికి పక్కింటివాడు మన పెరట్లో కోట కట్టుకుని కూర్చున్నట్టు!

ఈ విద్యను వేలమంది చూస్తుండగా చేసి చూపించిన దేశం దక్షిణ కొరియా. బ్లిజార్డ్ సంస్థ 1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే ఆటను తెచ్చింది. కొరియాలో దానికి టీవీ చానళ్లు, జీతాలిచ్చి ఆడించే జట్లు, స్టేడియాలు వచ్చాయి. అక్కడ లిమ్ యో–హ్వాన్ అనే ఆటగాణ్ని అభిమానులు చక్రవర్తి అని పిలిచేవారు. బాక్సర్ అతని ఆటపేరు. అతనికి సాటి ప్రత్యర్థి హాంగ్ జిన్–హో. 2004 నవంబరు 12న వాళ్లిద్దరికీ ఒక పెద్ద లీగ్ సెమీఫైనల్ పడింది. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాడిది మ్యాచ్. గొప్ప పోరు జరుగుతుందని దేశమంతా ఎదురుచూసింది.

మొదటి ఆట మొదలైంది. అందరూ ముందు తమ సంపద పెంచుకునే సమయంలో లిమ్ తన పనివాళ్లను నేరుగా హాంగ్ గుమ్మం ముందుకు పంపాడు. అక్కడ బంకర్లు కట్టి, అందులో తుపాకీ సైనికులను కూర్చోబెట్టి, హాంగ్ కొత్తగా వేసుకున్న స్థావరాన్ని కాల్పించాడు. కొద్ది నిమిషాల్లో ఆట అయిపోయింది. రెండో ఆటలోనూ అదే జిత్తు. అది కూడా కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. మూడో ఆట. ఇంక అలా చేయడు, రెండుసార్లు చేసినవాడు మూడోసారి సాహసించడు అని ఎవరైనా అనుకుంటారు. లిమ్ మూడోసారీ అదే చేశాడు. మూడు–సున్నా.

అభిమానులకు కోపం వచ్చింది. పెద్ద యుద్ధం చూద్దామని కూర్చుంటే గుమ్మంలోనే కొట్టి పంపించేశాడని తిట్టారు. కొరియాలో ఈనాటికీ ఆ మ్యాచ్‌ను ‘మూడు వరస బంకర్లు’ అనే అర్థం వచ్చే మాటతోనే గుర్తుచేసుకుంటారు. నా లెక్కలో ఆ మూడో బంకర్ గొప్పది. మొదటిది సాహసం, రెండోది మొండితనం. మూడోదాంట్లో మనిషిని చదవడం ఉంది. “ఇతను ఇప్పుడు నన్ను గురించి ఏమనుకుంటున్నాడు” అనే ప్రశ్న వేసుకుని దానికి సరైన జవాబు కనిపెట్టినవాడు వేసే ఎత్తు అది. నీకు ఆకలి ఎక్కువని నాకు తెలుసురా అన్న నాయనమ్మ మాటే. ఆ తర్వాత ఫైనల్లో లిమ్ తన జట్టులోనివాడే అయిన చోయ్ యోన్–సంగ్ చేతిలో మూడు–రెండు తేడాతో ఓడిపోయాడు. హాంగ్ జిన్–హో 2013లో కొరియా టీవీలో వచ్చిన ‘ది జీనియస్’ అనే బుద్ధిబలపు పోటీలో మొదటి సీజన్ విజేత అయ్యాడు. పొత్తులు కట్టడం, పొత్తులు తెంచడం ఆ పోటీకి ప్రాణం.

సైన్యాల మాట అలా ఉంచి, ఇంట్లోవాళ్ల మీదే కుట్రలు పన్నించే ఆట ఒకటుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ తయారుచేసిన క్రూసేడర్ కింగ్స్. దాని మూడో భాగం 2020లో వచ్చింది. ఇందులో మనం రాజ్యం తరఫున కాకుండా ఒక వంశం తరఫున ఆడతాం. రాజు చస్తే అతని వారసుడుగా ఆట కొనసాగుతుంది. అందువల్ల ఆటగాళ్లు చేసే పనులు వింటే గుండె జారుతుంది. కూతుర్ని పొరుగు రాజుకిచ్చి పెళ్లి చేస్తారు. ఆ రాజ్యానికి అడ్డున్న వారసులను ఒక్కొక్కరినీ గూఢచారులచేత చంపిస్తారు. మనవడు సింహాసనమెక్కుతాడు. ఎవరి రహస్యమైనా తెలిసిందంటే దాన్ని బయటపెట్టకుండా దాచుకుని, అవసరం పడ్డ రోజున ఆ మనిషి మెడ వంచుతారు.

ఆ ఆట తయారుచేసినవాళ్లను నేను ఎక్కువగా మెచ్చుకునేది ఒక చిన్న ఏర్పాటు గురించి. ఆటలో ప్రతి మనిషికీ ఒక స్వభావం ఉంటుంది. దయగల స్వభావం ఉన్న రాజుచేత మనం హత్య చేయిస్తే అతనికి మానసిక ఒత్తిడి పెరుగుతుంది. పెరిగి పెరిగి మనిషి తాగుడుకు బానిస కావచ్చు, మంచానపడవచ్చు, చచ్చిపోవచ్చు కూడా. సొంత రక్తసంబంధీకుణ్ని చంపినట్టు బయటపడితే జీవితాంతం ఆ పేరు మోయాలి. నొక్కేది మన వేలే అయినా భారం ఆ పాత్ర మోస్తుంది. అది చూస్తూ ఆడటం ఒక అనుభవం.

ఈ ఆట పటంలో మన దేశం కూడా ఉంది, 1066వ సంవత్సరం నుంచి మొదలుపెట్టవచ్చు. మన చరిత్రలో ఆ కాలం ఎలాంటిదో కాస్త చూడండి. వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇద్దరు భార్యల వల్ల కొడుకులున్నారు. చోళుల ఆడపడుచు కుందవ్వ కొడుకు రాజరాజ నరేంద్రుడు. మరొక కొడుకు విజయాదిత్యుడు. నరేంద్రుడి వెనక తంజావూరు చోళులు, విజయాదిత్యుడి వెనక పశ్చిమ చాళుక్యులు. తండ్రి పోయాక నరేంద్రుడికి పట్టాభిషేకం జరగడానికి 1022 దాకా పట్టింది, అదీ చోళ సైన్యం వచ్చి నిలబడితే. నన్నయభట్టుచేత భారతాన్ని తెనిగింపజేసిన రాజమహేంద్రవరం ప్రభువు ఈయనే. ఈయన కూడా చోళుల ఆడపడుచునే చేసుకున్నాడు, రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల కొడుకు 1070లో తల్లి పుట్టింటిదైన చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అతనికి ముందున్న అధిరాజేంద్రుడు రాజ్యానికి వచ్చిన కొద్దికాలానికే చనిపోయాడు. అది ఎలా జరిగిందన్న దాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. స్వీడన్‌వాళ్ల ఆటలో కుర్రాళ్లు రాత్రంతా మేలుకుని చేసే పెళ్లిళ్ల లెక్క, గోదావరి ఒడ్డున వెయ్యేళ్ల క్రితం నిజంగా వేసిన లెక్కే. అప్పుడు పోయినవి నిజం ప్రాణాలు. ఇప్పుడు తెర ఆపేస్తే ఎవరికీ ఏమీ కాలేదు. నాకు ఆ తేడా చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

   

ఇక అన్నిటికంటే పెద్ద మోసాలు జరిగిన చోటికి వస్తాను. ఐస్‌లాండ్‌లోని సీసీపీ అనే సంస్థ 2003లో ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట మొదలుపెట్టింది. అంతరిక్షంలో జరిగే ఆట. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది ఒకే లోకంలో ఆడతారు. ఓడలు కట్టుకుంటారు, వ్యాపారాలు పెడతారు, కూటములు కడతారు. ఆట డబ్బుతో చేసే మోసం, దొంగతనం, గూఢచర్యం, నమ్మకద్రోహం, అన్నీ అక్కడ నియమాల లోపలివే. మోసపోయి మొరపెట్టుకుంటే సంస్థ సొమ్ము వెనక్కి ఇప్పించదు.

2005లో అక్కడ ఒక దోపిడీ జరిగింది. గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి ముఠా ఒక పెద్ద కంపెనీని కూల్చే పని ఒప్పుకుంది. కంపెనీ అంటే ఆటలో ఆటగాళ్లు పెట్టుకున్నదే, దానికొక నాయకురాలు. ముఠావాళ్లు అందులో మామూలు సభ్యుల్లా చేరారు. నెలల తరబడి నమ్మకంగా పనిచేశారు. ఇలా ఏడాది కావస్తుండగా ఒకరు నాయకురాలికి కుడిభుజమైనంత దగ్గరయ్యారు. ఒక రోజు సంకేతం అందింది. ఒకే సమయంలో నాయకురాలి అరుదైన ఓడను పేల్చారు, వేర్వేరు చోట్ల ఉన్న గోదాములన్నీ ఊడ్చేశారు. పోయిన సరుకు విలువను అప్పట్లో 16,500 అమెరికన్ డాలర్లుగా లెక్కకట్టారు. సంస్థ ఎవరినీ శిక్షించలేదు.

2009 ఫిబ్రవరిలో ఇంతకంటే విచిత్రం జరిగింది. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే కూటమి అప్పట్లో అక్కడ మహాశక్తి. దాని శత్రువులు గూన్‌స్వార్మ్ కూటమి. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో అధికారాలున్న ఒక సభ్యుడు విసుగెత్తి అటువైపు దూకాడు. ఒక్క తుపాకీ పేలలేదు. అతనికున్న అధికారంతో కూటమినే రద్దు చేసేశారు. ఆ పేరు మళ్లీ వాళ్లకు దక్కకుండా వెంటనే గూన్‌స్వార్మ్‌వాళ్లు తమ పేరున నమోదు చేసుకున్నారు. ఏళ్ల తరబడి కట్టిన సామ్రాజ్యం ఒక మెనూలోని ఒక్క ఆదేశంతో ఊడిపోయింది.

ఇది విన్నప్పుడు నాకు రెండు భావాలు కలుగుతాయి, రెండూ నిజమైనవే. ఏడాదిపాటు ఒక రహస్యాన్ని గుండెల్లో పెట్టుకుని తిరిగినవాడి ఓర్పుకు ఆశ్చర్యం. ఆ ఏడాదీ అతనితో రాత్రుళ్లు నవ్వుతూ మాట్లాడిన మనిషిని తలచుకుంటే దిగులు. ఓడలు ఉత్తుత్తివే. మాట్లాడిన రాత్రులు మాత్రం ఉత్తుత్తివి కావు. ఆటలో జిత్తులకు హద్దు ఎక్కడ అని నన్నడిగితే ఇక్కడ అంటాను. నా పందిని ఎత్తుకుపోయినవాడు నా ఊరిని ఓడించాడు, నాతో స్నేహాన్ని అందుకు వాడుకోలేదు. పులికి ఎర వేసిన నాయనమ్మ నా ఆకలిని వాడుకుంది, నా ప్రేమను వాడుకోలేదు. ఈవ్‌లో ఆ దోపిడీ తొండి కాదు, నియమాల లోపలిదే. అయినా నేను దాన్ని చేయను.

ఆ ఆటలోనే 2017లో ఇంకొకటి జరిగింది. ఒక కూటమికి చెందిన ముఖ్యుడు సొమ్ము కాజేసి, స్థావరాలను శత్రువుకు అప్పగించేశాడు. కూటమి నాయకుడు కోపం పట్టలేక, నిజంగా చేతులు నరుకుతానన్న అర్థం వచ్చేలా ద్రోహిని బెదిరించాడు. సంస్థ ద్రోహిని ఏమీ అనలేదు. బెదిరించిన నాయకుణ్ని నిషేధించింది. నాకు ఆ తీర్పు సరైనదనిపించింది. సామ్రాజ్యాన్ని అమ్మేయడం ఆటలో పని. మనిషి చేతులు ఆటలోవి కావు.

కొరియాలో 2010లో బయటపడింది ఇంకా పెద్ద తప్పు. స్టార్‌క్రాఫ్ట్ వృత్తి ఆటగాళ్లు కొందరు పందెంరాయుళ్ల దగ్గర డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారు. వాళ్లలో ఒకప్పటి చాంపియన్ కూడా ఉన్నాడు. అక్కడి ఈ–స్పోర్ట్స్ సంఘం పదకొండు మందిని జీవితకాలం నిషేధించింది. మూడు బంకర్లు కట్టినవాడిని తిట్టిన అభిమానులే అతన్ని మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. ఆటను అమ్ముకున్నవాళ్లకు ఆ మన్నన దొరకలేదు. బంకర్లు కట్టినవాడు ఎదుటివాణ్ని గెలవడానికే వచ్చాడు. వీళ్లు చింతగింజ జేబులో వేసుకున్నారు.

ఇంట్లో పిల్లలు ఇలాంటి ఆటలు ఆడుతుంటే భయపడే తల్లిదండ్రులు నాకు తరచూ కనిపిస్తుంటారు. “వాడు ఎవరినో మోసం చేశానని సంబరపడుతున్నాడండీ” అంటారు. వాళ్లకు నేను చెప్పేదొక్కటే. ఒక రాత్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎవర్ని, ఎలా బోల్తా కొట్టించావని అడగండి. ఎదుటివాడు అప్పుడు ఏమనుకుని ఉంటాడో చెప్పమనండి. పొత్తు పెట్టుకుని తెంచినట్టు చెబితే తిట్టకండి, పొత్తు పెట్టుకున్నవాళ్లు ఎవరో, వాళ్లతో మర్నాడు మాట్లాడాడో లేదో కనుక్కోండి. ఓడిన పిల్లవాణ్ని హెడ్‌ఫోన్లలో బూతులు తిడుతున్నాడేమో చెవి పెట్టి వినండి. డబ్బులిచ్చి దొంగ ప్రోగ్రాం ఏదైనా కొని, చీకటి పటాన్ని తనొక్కడికే వెలుగు చేసుకున్నాడేమో చూడండి. అలాంటిది కనిపిస్తే కేకలు వేయక్కర్లేదు. మా నాయనమ్మ చేసిన పనే చేయండి. ఆట చెరిపేసి, ఒక వారం ఆగి, మళ్లీ గీతలు గీయండి.